ఫ్లైటెక్కే ముందు ఏ టీకాలు? పాఠకుల ప్రశ్నలు, డాక్టర్ జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ ప్రయాణాల మీదే తీసుకున్నాం. ఉగాండా, కెన్యా, నైజీరియా ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళ ఇళ్ళ నుంచి, సెలవలకి అమెరికా నుంచి మనవలు వస్తున్న ఇళ్ళ నుంచి ఇంచుమించు ఒకే రకం భయాలు మాకు చేరుతున్నాయి. ఒక్క మాట ముందే చెప్తాను, "ఆఫ్రికా వెళ్తున్నాం ఏ సూదులు వేయించుకోవాలి" అని ఒక్క లైన్ రాస్తే నేను సరైన జవాబు ఇవ్వలేను. ఏ దేశం, ఏ ఊరు, ఎన్నాళ్ళు, సిటీలో ఉంటారా పల్లెల్లో తిరుగుతారా, మధ్యలో ఎక్కడ ఫ్లైట్ మారతారు, షుగర్ బీపీ ఏమైనా ఉన్నాయా, ఇవన్నీ రాయండి. ఒకే దేశంలో రెండు ఊళ్ళకి రెండు రకాల సలహా ఉంటుంది.

ప్రశ్న: మా ఆయనకి ఉగాండాలో బోర్‌వెల్ కంపెనీలో సూపర్‌వైజర్‌గా ఉద్యోగం వచ్చింది. రెండేళ్ళ కాంట్రాక్టు. పన్నెండు రోజుల్లో ఫ్లైట్. ఏజెంట్ ఎల్లో కార్డు (ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు ఇచ్చే సర్టిఫికెట్) తనే తెప్పిస్తానంటున్నాడు, సూది అక్కర్లేదు డబ్బులు కడితే చాలట. సూది వేయించుకుంటే జ్వరం వస్తుందని మా ఆయన కూడా అదే మంచిదంటున్నారు. ఏం చెయ్యాలి? (ఒక సోదరి, ఖమ్మం జిల్లా)

జవాబు: అమ్మా, ఆ కార్డు మాత్రం తీసుకోవద్దు. మీ ఆయన్ని రేపే తీసుకెళ్ళి అసలు సూదే వేయించండి, ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానో చెప్తాను. ఎల్లో ఫీవర్‌కి మందు లేదు. దోమ కుట్టి వైరస్ ఒంట్లోకి వెళ్ళాక చాలామందికి మామూలు జ్వరంలా వచ్చి తగ్గిపోతుంది, కానీ కొందరికి ఒకటి రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెడుతుంది, కామెర్లు, రక్తపు వాంతులు, కిడ్నీలు దెబ్బతినడం, ఆ దశకి వెళ్ళినవాళ్ళలో సగం మంది వారం పదిరోజుల్లో చనిపోతారు. దాన్ని ఆపగలిగింది ఒక్క టీకానే. 1937లో మ్యాక్స్ థైలర్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన 17డి అనే టీకా, దానికి ఆయనకి 1951లో నోబెల్ కూడా వచ్చింది, ఇవాళ్టికీ అదే టీకా వాడుతున్నాం, ఒక్క డోసు చాలు. మొదట్లో పదేళ్ళకోసారి వేయించుకోమనేవాళ్ళు, 2016 జులై 11 నుంచి ఒకసారి వేయించుకున్న సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది, పాత కార్డులకి కూడా అదే రూలు.

సూది లేకుండా వెళ్తే ఏమవుతుందో 2016లో ప్రపంచమంతా చూసింది. అంగోలాలో ఎల్లో ఫీవర్ చెలరేగినప్పుడు అక్కడ పనిచేస్తున్న చైనా వాళ్ళలో టీకా లేనివాళ్ళు పదకొండు మంది ఆ జబ్బుతో చైనాలో దిగారు, ఆసియాలో ఎల్లో ఫీవర్ కేసులు బయటపడటం అదే మొదటిసారి. ఆ జబ్బు మన దేశంలో లేదు, కానీ దాన్ని మోసే ఈడిస్ దోమ మన ప్రతి ఊళ్ళోనూ ఉంది, డెంగీ తెచ్చేది ఆ దోమే కదా. అందుకే మన ప్రభుత్వం ఇంత కఠినంగా ఉంటుంది, ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల నుంచి సర్టిఫికెట్ లేకుండా దిగితే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెడతారు. ఉగాండా అయితే లోపలికి రానివ్వడానికే కార్డు అడుగుతుంది, వీసా అప్లికేషన్‌లో కూడా అప్‌లోడ్ చెయ్యమంటారు. ఆ నకిలీ కార్డు పట్టుబడితే ఏజెంట్‌కి పోయేదేం లేదు, ఎయిర్‌పోర్టులో నిలబడేది మీ ఆయన, అక్కడ దోమ కుట్టేది కూడా మీ ఆయన్నే.

ఇప్పుడు రోజుల లెక్క. సూది వేసిన పది రోజులకి గానీ సర్టిఫికెట్ చెల్లుబాటు అవ్వదు, మీకు పన్నెండు రోజులే ఉన్నాయి కాబట్టి రేపు ఎల్లుండి లోపు అయిపోవాలి. ఈ టీకా ప్రతి ప్రైవేటు ఆస్పత్రిలో వెయ్యరు, ప్రభుత్వం గుర్తించిన సెంటర్లలో మాత్రమే. మీకు దగ్గర హైదరాబాద్ నారాయణగూడలో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, ఆంధ్రా వైపు వాళ్ళకి విశాఖపట్నం పోర్ట్ హెల్త్ ఆఫీసు ఉంది. ముందు ఫోన్ చేసి ఏ రోజు వేస్తారో కనుక్కుని వెళ్ళండి, ఎందుకంటే ఒక బాటిల్ కలిపితే ఆరు గంటల్లో వాడెయ్యాలి, అందుకని అన్ని చోట్లా రోజూ వెయ్యరు. ఒరిజినల్ పాస్‌పోర్టు తప్పకుండా పట్టుకెళ్ళండి, కార్డు మీద నంబరు అక్షరం తేడా లేకుండా పడిందో లేదో, స్టాంపు సంతకం ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి, తర్వాత దిద్దించుకోవడం చాలా కష్టం. జ్వరం మాట నిజమే, కొందరికి ఒళ్ళునొప్పులు కొంచెం జ్వరం వస్తాయి, పారాసిటమాల్‌తో పోతుంది. గుడ్డు పడనివాళ్ళు (తింటే ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం వచ్చేవాళ్ళు), క్యాన్సర్ మందులో స్టెరాయిడ్లో ఎక్కువగా వాడుతున్నవాళ్ళు, గర్భిణులు, తొమ్మిది నెలల లోపు పిల్లలు మాత్రం డాక్టర్‌కి ముందే చెప్పాలి.

ఎల్లో కార్డు రాగానే పని అయిపోయిందనుకుంటారు, అక్కడే నాకు బాధ. బోరు బండ్ల మీద పల్లెల్లో తిరిగే మనిషికి ఉగాండాలో రోజూ ఎదురయ్యేది ఎల్లో ఫీవర్ కాదు, మలేరియా, టైఫాయిడ్, నీళ్ళ విరోచనాలు. టైఫాయిడ్‌కి కాంజుగేట్ టీకా ఒక డోసు వేయించండి, అది మన హైదరాబాద్ కంపెనీ భారత్ బయోటెక్ చేసిందే, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం మొదట పొందిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకా అది. ఎల్లో ఫీవర్ సూదితో పాటు అదే రోజు వేరే చేతికి వేయించుకోవచ్చు. బోరు పనిలో ఇనుము గీసుకోవడం మామూలే, ధనుర్వాతం సూది వేయించి పదేళ్ళు దాటితే ఇప్పుడు ఒకటి వేయించండి. హెపటైటిస్-బి సంగతి కూడా అడగండి. మన దగ్గర 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ వాళ్ళు దాన్ని తక్కువ ధరకి తెచ్చారు, అంతకు ముందు పుట్టి పెరిగిన మగవాళ్ళలో చాలామంది ఇప్పటికీ వేయించుకోలేదు. మామూలుగా ఆరు నెలల్లో మూడు డోసులు, తొందరలో ఉన్నవాళ్ళకి మూడు వారాల్లో మూడు డోసులు వేసి ఏడాదికి బూస్టర్ వేసే పద్ధతి ఉంది, మీకు ఆ టైమూ లేదు కాబట్టి ఇక్కడ మొదలుపెట్టి మిగతావి కంపాలాలో పూర్తి చెయ్యొచ్చు, అక్కడ మంచి ఆస్పత్రులు ఉన్నాయి. ఉత్తర ఉగాండా వైపు సైటు పడితే మెనింజైటిస్ టీకా కూడా కావాలి, ఏ జిల్లాలో పనో కంపెనీని ఇప్పుడే అడగండి.

ఇంకో రెండు సంగతులు మీ ఆయన చెవిన వెయ్యండి. విక్టోరియా సరస్సు ఒడ్డున చెమట పట్టిన ఒంటితో దిగి స్నానం చెయ్యాలనిపిస్తుంది, దిగొద్దు, అందులో నత్తల నుంచి వచ్చే బిల్హార్జియా పురుగు చర్మంలోంచే లోపలికి వెళ్తుంది, నోట్లోకి నీళ్ళు పోనక్కర్లేదు, మోకాలి లోతు నిలబడినా చాలు. పొరపాటున దిగితే కొన్ని వారాల తర్వాత టెస్టు చేయించుకోవాలి, ప్రాజిక్వాంటెల్ మాత్రలతో తగ్గిపోతుంది. రెండోది, తాగే నీళ్ళు సైటులో బోరు నుంచి పైకొచ్చినవే కదా శుభ్రంగానే ఉంటాయి అనుకోవద్దు, డ్రిల్లింగ్ చేస్తున్నప్పుడు పైన మట్టి, మురికి అందులో కలుస్తాయి, కాచి తాగాలి.

ప్రశ్న: మాది పాడేరు దగ్గర, చదువు, ఉద్యోగం విశాఖలో. చిన్నప్పుడు నాకు చాలాసార్లు చలిజ్వరం వచ్చింది, మలేరియా నా ఒంటికి అలవాటే. ఇప్పుడు కాంగో వెళ్తున్నాను. అక్కడ ఉన్న మా ఫ్రెండ్స్ మాత్రలు వేసుకుంటే లివర్ పాడవుతుందని ఎవరూ వేసుకోవట్లేదు. టీకా కూడా వచ్చిందంటున్నారు, అది వేయించుకుంటే సరిపోదా? (ఒక పాఠకుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా)

జవాబు: తమ్ముడూ, మలేరియా ఒంటికి అలవాటు పడటం అనేది కొంతవరకు నిజమే, ఏటా దోమలు కుడుతూ అదే చోట పెరిగినవాళ్ళకి జబ్బు తీవ్రంగా రాకుండా కొంత రక్షణ ఉంటుంది. కానీ అది బీసీజీ మచ్చలా ఉండిపోయేది కాదు, ఆ ప్రాంతం వదిలి కొన్నాళ్ళు ఉంటే పోతుంది. నువ్వు చదువుకి ఉద్యోగానికి విశాఖలో ఉన్నానని రాశావు, అంటే ఇప్పుడు నీ ఒంటికి మలేరియా కొత్తే. ఇక కాంగోలో ఉన్నది దాదాపు అంతా ఫాల్సీపారం రకం, మెదడుకెక్కేది అదే. మలేరియా చావుల్లో ఎక్కువ భాగం ఆఫ్రికాలోనే జరుగుతున్నాయి.

టీకాలు వచ్చాయి, నిజమే. 2021లో ఒకటి, 2023లో ఇంకొకటి, ఆర్21 అనేది, దాన్ని పుణే సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తోంది, రెండిటికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు ఉంది. అవి అక్కడ పుట్టి పెరిగే చిన్నపిల్లల కోసం. నీలాగా ప్రయాణం చేసే పెద్దవాళ్ళకి అవి వెయ్యరు. నీకు మాత్రలే.

మాత్రల్లో ముఖ్యంగా మూడు రకాలు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అనేది రోజుకొకటి, వెళ్ళే ముందు రోజు మొదలుపెట్టి వచ్చాక ఏడు రోజులు వాడితే చాలు, ఇబ్బందులు తక్కువ, కానీ ఖరీదు ఎక్కువ, అన్ని మెడికల్ షాపుల్లో దొరకదు, ముందే ఆర్డర్ పెట్టించుకోవాలి. డాక్సీసైక్లిన్ కూడా రోజుకొకటే, చవక, ఎక్కడైనా దొరుకుతుంది, కానీ వచ్చాక నాలుగు వారాలు వాడాలి, ఇక్కడే అందరూ మానేస్తారు. అది అన్నం తిన్నాక నిండా నీళ్ళతో వేసుకుని అరగంట పాటు పడుకోకూడదు, లేకపోతే గొంతు కింద పుండు పడుతుంది, ఎండలో చర్మం మండుతుంది, గర్భిణులకీ ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకీ ఇవ్వం. మూడోది మెఫ్లోక్విన్, వారానికొకటి, రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి, డిప్రెషన్, ఫిట్స్ లాంటివి ఎప్పుడైనా ఉన్నవాళ్ళు దాని జోలికి వెళ్ళొద్దు. మన ఊళ్ళలో చలిజ్వరానికి ఇచ్చే క్లోరోక్విన్ ఆఫ్రికా ఫాల్సీపారం మీద పనిచెయ్యదు, అది కొనుక్కుని బ్యాగులో పెట్టుకుని ధైర్యంగా ఉండేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది. లివర్ పాడవుతుందన్న మాట మీ ఫ్రెండ్స్ ఎక్కడ విన్నారో గానీ, ముందే లివర్ కిడ్నీ జబ్బులు లేని మనిషికి, డాక్టర్ చూసి రాసిన మాత్ర వల్ల వచ్చే ఇబ్బంది ఒక్క తీవ్రమైన మలేరియా వల్ల వచ్చే దాని ముందు చాలా చిన్నది. ఏళ్ళ తరబడి ఉండేవాళ్ళు ఎన్నాళ్ళు వాడాలి, ఎప్పుడు ఆపొచ్చు అనేది మాత్రం అక్కడి డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోవాలి, సొంతంగా ఆపెయ్యకూడదు.

మాత్ర వేసుకున్నా దోమతెర మానొద్దు. మలేరియా దోమ కుట్టేది పొద్దుగుంకినప్పటి నుంచి తెల్లవారే దాకా. మలేరియా క్రిమి దోమలో ఉంటుందని కనిపెట్టింది మన దగ్గరే కదా, 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్ట కోసి మైక్రోస్కోప్ కింద మలేరియా క్రిమిని చూశాడు, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి, అదే మన కోరంటి దవాఖానాకి, ఆయన పేరే పెట్టారు. మందు పూసిన తెర ఇక్కడే కొనుక్కుని వెళ్ళు, అంచులు పరుపు కిందికి దోపాలి, వేలాడదీసి వదిలేస్తే దోమలు కింద నుంచి వస్తాయి. ఒంటికి రాసే క్రీముల్లో డీట్ అనే దోమల మందు ఇరవై నుంచి ముప్పై శాతం ఉన్నది తీసుకో, ఎక్కువసేపు ఆగుతుంది. అన్నట్టు కాంగోకి కూడా ఎల్లో ఫీవర్ కార్డు తప్పనిసరి, పైన ఖమ్మం సోదరికి రాసింది చదువు.

ప్రశ్న: మా అమ్మకి అరవై ఏడేళ్ళు, ఇన్సులిన్ వాడుతుంది. తమ్ముడు నైరోబీలో ఉంటాడు, కొడుకు పుట్టాడు, రెండు నెలలు అక్కడ ఉండి రావాలని ఆమె ఆశ. ఎల్లో ఫీవర్ సూది ఆ వయసులో ప్రమాదమని ఒకరు, తప్పదని ఒకరు. (ఒక కూతురు, నెల్లూరు)

జవాబు: ఇద్దరూ సగం సగం కరెక్టే చెప్పారు. అరవై దాటాక మొదటిసారి ఈ టీకా వేస్తే అరుదుగా తీవ్రమైన రియాక్షన్ వచ్చే అవకాశం చిన్నవాళ్ళకన్నా ఎక్కువ, అందుకని కళ్ళు మూసుకుని వెయ్యం. నైరోబీ సిటీలో ఎల్లో ఫీవర్ ముప్పు చాలా తక్కువ, అక్కడే ఉండి వచ్చేవాళ్ళకి వైద్యపరంగా ఆ టీకా పెద్దగా అవసరం లేదు. చిక్కంతా రూలుతో. ఇక్కడి నుంచి నేరుగా వెళ్ళేవాళ్ళని కెన్యా అడగదు, కానీ కెన్యా మన ప్రభుత్వం లిస్టులో ఉంది కాబట్టి తిరిగి వచ్చినప్పుడు ఇక్కడ అడుగుతారు. డాక్టర్ చూసి ఈవిడకి ఇది వెయ్యకూడదు అని తేలిస్తే కారణం రాసి మినహాయింపు ఇస్తారు, దాన్ని టీకా సెంటర్‌లోనే రాయించుకోండి. అది ఉన్నా దిగాక ఆరు రోజుల దాకా విడిగా ఉంచే అధికారం హెల్త్ ఆఫీసర్‌కి ఉంటుంది, దానికి అమ్మని మానసికంగా సిద్ధం చెయ్యండి. సూది వేయించాలా వద్దా అన్నది ఆమె మిగతా జబ్బులు, మందులు చూసిన డాక్టరే తేల్చాలి, నేను ఉత్తరం చూసి చెప్పను.

ఇన్సులిన్ మాత్రం చేతి బ్యాగులోనే. చెక్-ఇన్ లగేజీలో పెడితే కింద చలికి గడ్డకట్టి పాడవుతుంది, సగం పోయిన ఇన్సులిన్ వాడుతున్నామని తెలియక షుగర్ పెరిగిపోయిందని కంగారు పడతారు. రెండు నెలలకి సరిపడా కన్నా కొంచెం ఎక్కువ, డాక్టర్ చీటీ, గ్లూకోమీటర్, పంచదార బిళ్ళలు దగ్గరే ఉండాలి. కెన్యా టైము మనకన్నా రెండున్నర గంటలే వెనక, డోసు టైముల్లో పెద్ద మార్పు అక్కర్లేదు. నైరోబీ ఎత్తు మీద ఉంది, చల్లగా ఉంటుంది, అక్కడ మలేరియా తక్కువ. కానీ మీ తమ్ముడు వీకెండ్‌కి మసాయి మారానో మొంబాసానో తీసుకెళ్తాడు కదా, అక్కడికి మలేరియా మాత్ర కావాలి, సఫారీలో ముదురు నీలం, నలుపు చీరలు వద్దు, ఆ రంగులకి సెట్సీ ఈగలు వచ్చి వాలతాయి, కుడితే బాగా మంట పుడుతుంది. ఫ్లూ సూది, నిమోనియా సూది ఈ ప్రయాణం లేకపోయినా ఈ వయసులో షుగర్ ఉన్నవాళ్ళకి వేయించాల్సినవే.

ప్రశ్న: కంపాలాలో ఉంటున్నాను. వీపు మీద రెండు సెగ్గడ్డల్లాంటివి లేచాయి, లోపల ఏదో కదులుతున్నట్టు ఉంటోంది. ఫోటో పంపాను. (ఒక పాఠకుడు)

జవాబు: ఫోటో చూస్తే మ్యాంగో ఫ్లై అనే ఈగ పిల్లపురుగు లాగే ఉంది. ఆరుబయట ఆరేసిన తడి బట్టల మీద అది గుడ్లు పెడుతుంది, ఆ బట్ట వేసుకుంటే పురుగు చర్మంలోకి దూరుతుంది. భయపడకండి, ప్రాణాపాయం కాదు. గడ్డ మీద వాజిలీన్ మందంగా రాసి గాలి ఆడకుండా చేస్తే ఊపిరికి పైకి వస్తుంది, డాక్టర్ తీసేస్తారు, మీరు గట్టిగా నొక్కితే లోపల చితికి చీము పడుతుంది. ఇక నుంచి బట్టలు ఇంట్లోనే ఆరేసుకోండి, లేకపోతే లోబట్టలతో సహా కుట్లు, అంచుల మీద కూడా వేడిగా ఇస్త్రీ చేసి వేసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి డల్లాస్ నుంచి జూన్‌లో పిల్లలతో వస్తోంది, బాబుకి ఆరేళ్ళు, పాపకి పద్నాలుగు నెలలు. మన గుంటూరు రావడానికి వాళ్ళ డాక్టర్ ఏవో టీకాలు వేయించుకోమన్నాట్ట. మన ఊరికి రావడానికి టీకాలేంటండీ, నాకు మనసుకి కష్టంగా ఉంది. ఇక్కడ మేం అందరం బాగానే ఉన్నాం కదా. (ఒక అమ్మమ్మ, గుంటూరు)

జవాబు: అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ మీ అమ్మాయి చేస్తున్నది సరైన పని, మీరే దగ్గరుండి ప్రోత్సహించాలి. మనం చిన్నప్పటి నుంచి ఈ నీళ్ళు తాగి హెపటైటిస్-ఎ లాంటివి తెలియకుండానే వచ్చి పోయి ఒంట్లో రక్షణ తెచ్చుకున్నవాళ్ళం. ఆ పిల్లలు అలా పెరగలేదు. సొంతూరికి వచ్చే ఎన్నారై పిల్లలకి హోటళ్ళలో దిగే టూరిస్టుల కన్నా రిస్కు ఎక్కువ, ఎందుకంటే వాళ్ళు నెలల తరబడి ఉంటారు, చుట్టాల ఇళ్ళన్నీ తిరుగుతారు, ఎవరు ఏది పెడితే అది తింటారు, తినకపోతే మనమే నొచ్చుకుంటాం.

బాబుకి టైఫాయిడ్ సూది రావడానికి కనీసం రెండు వారాల ముందు అక్కడే వేయించాలి. పాపకి అమెరికాలో రెండేళ్ళ లోపు ఆ సూది వెయ్యరు, మన దగ్గర కాంజుగేట్ టీకా ఆరు నెలల నుంచే వేస్తారు, కాబట్టి వచ్చిన మర్నాడే మీ పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. అది పనిచెయ్యడానికి రెండు వారాలు పడుతుంది, ఆలోపు పెళ్ళి భోజనాలు వద్దు. హెపటైటిస్-ఎ, తట్టు టీకా అక్కడ ఏడాది నిండగానే వేస్తారు, పడ్డాయో లేదో కార్డు చూసుకోమనండి. చదువుతున్నవాళ్ళలో ఏడాది లోపు పాపాయిలతో వచ్చేవాళ్ళుంటే గుర్తుపెట్టుకోండి, ప్రయాణం ఉంటే తట్టు టీకా ఆరు నెలలకే ఒక డోసు ముందుగా వేయించుకోవచ్చు, ఆ తర్వాత మామూలుగా వెయ్యాల్సిన రెండు డోసులూ మళ్ళీ వెయ్యాలి.

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం కుక్కలంటే, వాటి కాటుతో వచ్చే రేబిస్ అంటే. అక్కడి పిల్లలకి కుక్క అంటే ఇంట్లో పెంచుకునేది, వీధిలో కనపడినా వెళ్ళి నిమురుతారు. కరిచినా, గోరు గీరి రక్తం చుక్క కనపడినా వెంటనే పంపు కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, గడియారం చూసి పదిహేను నిమిషాలు. కారం, సున్నం, పసుపు, ఆకు పసర్లు ఏవీ పెట్టకూడదు. అదే రోజు ఆస్పత్రికి. రక్తం వచ్చిన గాయానికి మామూలు రేబిస్ టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ని అడ్డుకునే తయారు యాంటీబాడీల సూది) కూడా వెయ్యాలి, అది అడగండి, చాలామంది టీకా ఒక్కటే వేయించుకుని వచ్చేస్తారు. ముందుగానే వారం తేడాతో రెండు డోసులు వేయించుకునే పద్ధతి ఉంది, అవి పడి ఉంటే కరిచాక ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కర్లేదు, రెండు డోసులు చాలు. రెండు నెలలు ఉండేట్టయితే బాబుకి అది వేయించమని నేనైతే చెప్తాను.

విరోచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్, లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్ళలోనే కలపాలి, పిల్లాడు చిన్నవాడు కదా అని సగం ప్యాకెట్ సగం గ్లాసులో అంచనాగా కలిపితే ఉప్పు ఎక్కువై ప్రమాదం. అట్ట డబ్బాల్లో తియ్యటి డ్రింకులు ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని అమ్మేవారు, హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశం ఇచ్చింది. పాత స్టాకు ఎక్కడైనా చేతికిస్తే తీసుకోకండి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ అడగండి. దాంతో పాటు జింక్ ఇస్తారు, తగ్గినా కోర్సు పూర్తి చెయ్యండి. మీ చేతి ముద్దపప్పు ఆవకాయ, వేడివేడి అన్నం నిక్షేపంగా పెట్టండి, వేడి అన్నంతో ఎవరికీ ఏమీ కాదు. బయట చెరుకురసంలో ఐసు, కోసిపెట్టిన పుచ్చకాయ ముక్కలు, పానీపూరీ నీళ్ళు, వీటి దగ్గరే చెయ్యి పట్టుకుని వెనక్కి లాగండి.

ప్రశ్న: పెళ్ళయ్యాక బాలి వెళ్తున్నాం. ఎల్లో ఫీవర్ టీకా కావాలా? (ఒక కొత్త జంట, విజయవాడ)

జవాబు: అక్కర్లేదు, ఇండోనేషియాలో ఆ జబ్బు లేదు, మనం వచ్చేదీ ఎల్లో ఫీవర్ దేశం నుంచి కాదు. బాలి టూరిస్టు ప్రాంతాల్లో మలేరియా మాత్రలూ అక్కర్లేదు. డెంగీ మాత్రం ఉంది, అది పగలు కుట్టే దోమ, జ్వరమొస్తే పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, ఆస్పిరిన్ వేసుకోవద్దు, రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది. 2008 నుంచి అక్కడ రేబిస్ ఉంది, ఉబుద్‌లో కోతులతో సెల్ఫీలు వద్దు, కరిస్తే పైన అమ్మమ్మ గారికి రాసినట్టే చెయ్యండి. లేబుల్ లేని లోకల్ సారా ముట్టుకోవద్దు, అందులో మిథనాల్ కలిసి కళ్ళు పోయినవాళ్ళు, చనిపోయినవాళ్ళు ఉన్నారు. కడుపులో బిడ్డకి హాని చేసే జికా అనే దోమల వైరస్ కూడా ఆ వైపు దేశాల్లో ఉంది కాబట్టి వెంటనే బిడ్డ కావాలనుకుంటే తిరిగొచ్చాక మూడు నెలలు ఆగి ప్రయత్నించడం మంచిది.

ప్రశ్న: మా అన్నయ్య నైజీరియా నుంచి వచ్చి మూడు వారాలైంది. నాలుగు రోజులుగా జ్వరం, చలి, తలనొప్పి. ఊళ్ళో ఆర్ఎంపీ గారు విడాల్ టెస్టు చేయించి టైఫాయిడ్ అని సెలైన్ ఎక్కిస్తున్నారు. తగ్గట్లేదు. (ఒక తమ్ముడు, జగిత్యాల జిల్లా)

జవాబు: ఈ మెసేజ్ చూసిన వెంటనే ఫోన్ చేసి జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్ళమన్నాం, అదే రోజు మలేరియా టెస్టు చేస్తే ఫాల్సీపారం అని తేలింది, ఇప్పుడు కోలుకుంటున్నారు. ఇంకెవరి ఇంట్లోనైనా ఇలాగే జరుగుతుందని ఇక్కడ వేస్తున్నాం.

విడాల్ టెస్టు మన దగ్గర ఎంతమందికి చేసినా పాజిటివ్ వస్తూనే ఉంటుంది, ఎప్పుడో వచ్చిన టైఫాయిడ్‌కి, వేయించుకున్న టీకాకి, వేరే జ్వరాలకి కూడా వస్తుంది, దాన్ని పట్టుకుని మలేరియాని వదిలెయ్యకూడదు. ఆఫ్రికా నుంచి వచ్చిన మనిషికి జ్వరం వస్తే, మలేరియా కాదని రుజువయ్యే దాకా అది మలేరియానే అనుకుని నడుచుకోవాలి. దోమ కుట్టిన వారానికి రావచ్చు, ఎక్కువగా మూడు నెలల లోపు వస్తుంది, కొన్ని రకాలు ఏడాదికి కూడా బయటపడతాయి. మాత్రలు వాడినవాళ్ళకి రాదని గ్యారంటీ లేదు. ఫాల్సీపారం ఒకటి రెండు రోజుల్లో మామూలు జ్వరం నుంచి మతి తప్పడం, ఫిట్స్, మూత్రం ఆగిపోవడం దాకా వెళ్ళిపోతుంది, కాబట్టి రేపు చూద్దాం అనే మాట వద్దు. ర్యాపిడ్ టెస్టు, రక్తపు స్లైడు రెండూ చేయించండి, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. మొదటిసారి నెగటివ్ వచ్చినా జ్వరం ఉంటే పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల తేడాలో మళ్ళీ, అవసరమైతే మూడోసారి కూడా చెయ్యాలి.

ఇంకొకటి, డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. ఎమర్జెన్సీలో హడావుడిగా ఉంటారు, ఎక్కడి నుంచి వచ్చారని అడగడం మర్చిపోతారు, జగిత్యాలలో జ్వరం అంటే వాళ్ళకి ముందు డెంగీ, టైఫాయిడ్ గుర్తొస్తాయి. ఏ దేశంలో ఏ ఊళ్ళో ఉన్నారో, ఏ తేదీన ఇండియాలో దిగారో, మలేరియా మాత్రలు వాడారో లేదో, ఎప్పుడు ఆపారో, ఇవి ఒక కాగితం మీద రాసి పేషెంటుతో పాటే డాక్టర్ చేతికివ్వండి.